నల్లా నుంచి చెరువు దాకా: ఇంటి నీళ్లను శుభ్రం చేసుకోవడం, మళ్లీ వాడుకోవడం, కాపాడుకోవడం ఎలా?

వానాకాలంలో బాయి నీళ్లు ఎర్రగా వస్తే మా నాయనమ్మ గోలెం లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, నీళ్లు పోసి, తెల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పొద్దుటికి మన్నంతా అడుగుకు దిగి నీళ్లు తేటగా ఉండేవి. తేటగా ఉంటే మంచినీళ్లే అనుకుని ఇంటిల్లిపాదీ తాగేవాళ్లం. తర్వాత ఇంట్లో బోరు వేశారు. ఆ నీళ్లు అద్దంలా ఉన్నా, జాగ్రత్త కోసమని ఏళ్ల తరబడి కాచి తాగాం. చివరికి పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ ఉందని తేలింది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది.

బురద ఒక జబ్బు, క్రిములు ఇంకో జబ్బు, నీళ్లలో కరిగిపోయిన లవణాలు వేరే జబ్బు. దేని మందు దానిదే. వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ, కరీంనగర్ వైపు మన ఇళ్లలో నల్లా, బోరు, బాయి, ఫిల్టర్ క్యాన్ అన్నీ కలిపి వాడుకుంటాం కాబట్టి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

ముందు పరీక్ష చేయించండి

శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టండి. బోరైతే మోటారు పది నిమిషాలు నడిచాక పట్టాలి. పైపులో నిలిచిన నీళ్లు పడితే లెక్క తప్పుతుంది. జిల్లాల్లో మిషన్ భగీరథ వాళ్ల నీటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి, అక్కడ అడగండి. క్రిముల పరీక్షకు మాత్రం వాళ్లిచ్చే సీసాలోనే పట్టి, వీలైనంత త్వరగా చేర్చాలి.

కాగితం చేతికొచ్చాక అన్నీ చదవక్కర్లేదు, నాలుగు అంకెలు చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, గత్యంతరం లేకపోతే 2000 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. దాటిందంటే ఎరువుల నీళ్లో, మరుగుదొడ్డి గుంత నీళ్లో, పెంటకుప్ప ఊటో మీ బోరులోకి దిగుతున్నట్టు అనుమానించాలి. నాలుగోది క్రిముల పరీక్ష. అందులో ఈ-కోలీ, అంటే మలం కలిసిన నీళ్లలో ఉండే క్రిమి, అసలు కనిపించకూడదు.

నల్లా నీళ్లలో చూడాల్సింది క్లోరిన్. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, ఆ రంగును బట్టి ఎంత క్లోరిన్ మిగిలిందో చెప్తారు. మీ నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉండాలి. రంగే రాకపోతే ఆ నీళ్లు దారిలో ఎక్కడైనా మోరి నీళ్లతో కలిసినా అడ్డుకునే శక్తి వాటికి లేదన్నమాట. కాలనీలో రోడ్డు తవ్వినప్పుడు, పైపు పగిలినప్పుడు తప్పకుండా చూడమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

జబ్బును బట్టి మందు

బురదకు చిల్లగింజ ఇప్పటికీ పనిచేస్తుంది, పటిక కూడా. పటిక ముక్కను బిందెలో రెండు మూడు సార్లు తిప్పి తీసేయండి. అందులోనే వదిలేయొద్దు. మన్ను దిగాక పైనీళ్లను మెల్లగా వంచి, పాత కాటన్ చీరను నాలుగు మడతలు వేసి వడకట్టండి. కొత్త బట్ట కంటే ఉతికి ఉతికి మెత్తబడిన చీరే మేలు, ఎందుకంటే దాని పోగుల మధ్య సందులు చిన్నవవుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా చీరతో వడకట్టించి చూస్తే కలరా కేసులు సగం దాకా తగ్గాయని 2003లో పరిశోధకులు ప్రకటించారు. అయినా ఇది సగం పనే. కంటికి కనపడని క్రిములు చాలావరకు బట్టలోంచి దిగిపోతాయి.

క్రిములకు కాచడమే అన్నిటికన్నా నమ్మకమైనది. నీళ్లు తెర్లి, పెద్ద పెద్ద బుడగలతో పొంగుతుండగా కనీసం ఒక నిమిషం ఉంచండి. చల్లారేటప్పుడు మూత తీయొద్దు. కాచిన నీళ్లను ఇంకో కుండలో పోసి, అందులో చెయ్యి ముంచి గ్లాసుతో తీసుకుంటే మీరు కాల్చిన గ్యాసంతా వృథా. పొడుగు కాడ గరిటె పెట్టండి, లేదా కింద నల్లా ఉన్న కుండ కొనండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క మార్పుకే విరేచనాలు తగ్గడం నేను చూశాను.

గ్యాసు అయిపోతే, కరెంటు లేకపోతే ఎండ ఉంది. రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు నింపి, రేకు మీద పడుకోబెట్టి ఆరు గంటలు మంచి ఎండలో ఉంచాలి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. బురద నీళ్లకు ఇది పనికిరాదు, వెలుతురు లోపలికి పోదు.

ఇక ఫ్లోరైడ్. ఇది మన నేల కింది గ్రానైటు రాళ్లలోంచే నీళ్లలోకి వస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆ నీళ్లు తాగితే వచ్చే పళ్ల మీద మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్లీ పోవు. ఏళ్లు గడిస్తే ఎముకలకూ కీళ్లకూ పట్టుకుంటుంది. చిల్లగింజ, చీర, కాచడం, ఎండ, కొవ్వొత్తి ఫిల్టరు... వీటిలో ఏదీ దాన్ని తీయలేదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు, దానికి నల్లగొండ పేరే పెట్టారు. కానీ నీళ్ల పరీక్షను బట్టి పటిక కొలత మారుతుంది కాబట్టి ఇంట్లో అందాజుగా చేయకండి. నీళ్లను సన్నటి పొర గుండా నెట్టి వడకట్టే ఆర్వో యంత్రం దాన్ని తీస్తుంది. అంతకంటే సులువైన దారి, తాగడానికీ వంటకూ ఆ బోరు నీళ్లు మానేసి నల్లా నీళ్లో వాన నీళ్లో వాడటం. వంటకు అని గట్టిగా చెప్తున్నాను. తాగడానికి క్యాన్ తెచ్చుకుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పప్పులోంచి ఫ్లోరైడ్ ఎటూ పోదు.

గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లిలో జనం కమిటీలు వేసుకుని, ఊరికంతా కలిపి ఒక శుద్ధి ప్లాంటు నడుపుకున్నారు. ఇంటింటికీ ఒక యంత్రం కొనే ముందు మీ వాడలో పది ఇళ్లవాళ్లు కూర్చుని ఆ సంగతి మాట్లాడుకోండి.

ఆర్వో ఉన్న ఇంట్లో

మీ నల్లాలో వచ్చేది గోదావరి నీళ్లయితే, టీడీఎస్ 500 లోపు ఉంటే, ఫ్లోరైడ్ లేకపోతే మీకు ఆర్వో అక్కర్లేదు. కాచినా చాలు, వెలుతురుతో క్రిములను చంపే మామూలు యూవీ ఫిల్టరైనా చాలు. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. ఇంట్లో వాడే ఆర్వో చాలావాటిలో ఒక బిందె మంచినీళ్లకు మూడు బిందెలు పక్క పైపులోంచి మోరిలోకి పోతాయి.

ఆర్వో తప్పదనుకుంటే ఆ పక్క పైపు కింద డ్రమ్ము పెట్టండి. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి, బండి కడగడానికి, బట్టల మొదటి నానుడుకు ఆ నీళ్లు బాగా పనికొస్తాయి. చెట్లకు మాత్రం చూసి పోయండి. బోరు నీళ్ల ఉప్పంతా అందులో పోగుపడి ఉంటుంది. కుండీలకు రోజూ పోస్తే మన్ను మీద తెల్లగా పొర కట్టి మొక్క ఆకుల కొసలు మాడిపోతాయి.

ట్యాంకు, సంపు

ఆరు నెలలకోసారి కడగండి, వానాకాలం మొదట్లో ఒకసారి తప్పనిసరి. నీళ్లు ఖాళీ చేసి, నాచును బ్రష్షుతో రుద్ది, బురద తీసేయండి. పది లీటర్ల బకెట్టులో 20 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీళ్లతో లోపలి గోడలన్నీ తడపండి. అరగంట ఆగి బాగా కడిగేయండి. ఆ పౌడరును బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చాలా రోజులు మూసి ఉన్న సంపులోకి, పాడుబడ్డ బాయిలోకి ఎంత ధైర్యం ఉన్నా ఒంటరిగా దిగకండి. లోపల ఊపిరి ఆడే గాలి ఉండకపోవచ్చు. దిగినవాణ్ని కాపాడబోయి రెండోవాడు, వాణ్ని కాపాడబోయి మూడోవాడు పోయిన ఇళ్లున్నాయి.

వరద వచ్చి పోయాక బాయి

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. ఆ ఇరవై నాలుగు గంటల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి వరద పోయాక మొదట పాడయ్యేవి బాయిలు, చేతిపంపులు, బోర్లు. మురుగు, చచ్చిన పశువులు, మందుల డబ్బాలు అన్నీ కొట్టుకొచ్చిన నీళ్లు వాటిలో నిండి ఉంటాయి. అందుకే ఈ పని కొంచెం వివరంగా చెప్తాను.

మొదట మోటారుతో నీళ్లన్నీ తోడేసి, పైనుంచే వీలైనంత చెత్త, పూడిక తీయించండి. ఊట దిగి మళ్లీ నీళ్లు చేరాక కొలత తీయాలి. బాయి వెడల్పును మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించండి. వచ్చిన దాన్ని నీళ్ల లోతుతో, తర్వాత 3.14తో గుణించి, నాలుగుతో భాగించండి. వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల నీళ్లున్న బాయిలో 15,700 లీటర్లు ఉంటాయి.

వరద తర్వాత మొదటిసారి గట్టి మోతాదు వెయ్యాలి. వెయ్యి లీటర్లకు 60 నుంచి 80 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే పై బాయికి సుమారు ఒక కిలో. పౌడరు తాజాగా, ఘాటుగా ఉండాలి. మూత తెరిచి నెలలు గడిచిన సంచిలో మిగిలేది సున్నం పిండే. బకెట్టులో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కలిపి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లను ఇంకో బకెట్టులోకి వంచండి. ఆ బకెట్టును తాడుతో బాయిలోకి దించి, నీళ్ల లోపల పైకీ కిందికీ ఆడించాలి. రాత్రంతా వదిలేసి, తెల్లారి వాసన పోయేదాకా తోడెయ్యండి. ఆ నీళ్లను చేపలున్న చెరువులోకి వదలొద్దు. ఆ తర్వాత పరీక్షలో క్రిములు లేవని తేలేదాకా తాగే నీళ్లు కాచుకోవాల్సిందే. వరద కాని మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. అదే బాయికి 40 గ్రాములు, వేసిన గంట తర్వాత తోడుకోవచ్చు.

జాలాట నీళ్లు ఎటు పోవాలి?

బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగినవి, స్నానం నీళ్లు, బట్టల నీళ్లు అన్నీ ఒకటి కావు. బియ్యం, కూరగాయల నీళ్లు నేరుగా చెట్లకు పోయండి. స్నానం నీళ్లు, బట్టల చివరి జాడింపు నీళ్లు అరటి, మునగ, కొబ్బరి, బొప్పాయి పాదుల్లోకి మళ్లించండి. సబ్బు పౌడరుతో నానబెట్టిన మొదటి నీళ్లు, నూనె గిన్నెల నీళ్లు పాదుల్లోకి వద్దు. కొత్తిమీర, పుదీన, పచ్చివి తినే ఆకుకూరల మీద ఏ వాడిన నీళ్లూ పడకూడదు. ఈ నీళ్లను డ్రమ్ముల్లో దాచొద్దు. ఒక్క రోజు దాటితే కంపు కొడతాయి, దోమలు గుడ్లు పెడతాయి.

పాదులకు పోగా మిగిలిన దానికి ఇంకుడు గుంత. మా ఇంట్లో తవ్వించిన మొదటి గుంత ఏడాదిలోనే మూసుకుపోయింది. వెంట్రుకలు, అన్నం మెతుకులు, సబ్బు జిడ్డు అన్నీ నేరుగా రాళ్లలోకి దిగాయి. దాంతో తెలిసింది, గుంత కంటే దాని ముందు కట్టే చిన్న తొట్టే ముఖ్యమని. రెండు అడుగుల చదరం తొట్టి కట్టి, లోపలికి వచ్చే పైపుకు జాలీ, బయటికి పోయే పైపుకు వంగిన ముక్క పెట్టండి. చెత్త అడుగున, జిడ్డు పైన ఆగిపోయి, మధ్యనున్న నీళ్లు మాత్రమే గుంతలోకి పోతాయి. వారానికోసారి ఆ తొట్టి ఎత్తిపోయండి.

గుంత పొడవు, వెడల్పు, లోతు ఒక్కో మీటరు ఉంటే చిన్న కుటుంబానికి సరిపోతుంది. అడుగున దొడ్డు రాళ్లు, వాటి మీద 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం కంకర వేసి, మీద గోనె పరిచి మూసేయండి. తాగునీటి బాయికీ బోరుకూ కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి. మరుగుదొడ్డి నీళ్లు ఇందులోకి రానివ్వొద్దు. తవ్వే ముందు నేలను చూడండి. ఎర్ర చెల్క అయితే నీళ్లు గడగడా తాగేస్తుంది. నల్లరేగడిలో ఇంకుడు చాలా మెల్లగా సాగుతుంది. అక్కడ గుంత కంటే పొడవాటి కాల్వ తవ్వి, వెంబడి మెట్టతామర, అరటి పెట్టడం నయం.

కప్పు మీది వాన

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వరంగల్‌లో ఏడాదికి ఉజ్జాయింపుగా వెయ్యి మిల్లీమీటర్లు కురుస్తుంది. 120 గజాల స్లాబంటే వంద చదరపు మీటర్లు. పారిందీ ఆవిరైందీ తీసేసినా ఏడాదికి 80 వేల లీటర్లు మీ కప్పు మీది నుంచే దొరుకుతాయి. అదే లెక్కన ఒక్క 25 మిల్లీమీటర్ల వానకు రెండు వేల లీటర్లు వస్తాయి. అవి ఇప్పుడు వీధిలోకి పోతున్నాయి.

స్లాబు పైపుకు కింద ఒక టీ (మూడు వైపులా తెరిచి ఉండే పైపు ముక్క) బిగించి, మూత ఉన్న పొడుగు పైపు వేలాడదీయండి. వాన మొదలవగానే దుమ్ము, పిట్టల రెట్ట కడుక్కొచ్చే నీళ్లు అందులో నిండి ఆగుతాయి. తర్వాత వచ్చే తేట నీళ్లు ఇసుక, కంకర తొట్టి గుండా సంపులోకి పోతాయి. వాన నిలిచాక మూత తీసి మురికి నీళ్లు వదిలేయాలి. సీజన్ మొదటి వానను మాత్రం మొత్తం బయటికే వదలండి. సంపు నిండాక మిగిలిన నీళ్లను బోరు చుట్టూ తవ్విన రాళ్ల గుంతలోకి మళ్లిస్తే అడుగున ఊట పెరుగుతుంది. ఆ గుంతలోకి జాలాట నీళ్లు చుక్క కూడా చేరకూడదు. బోరు దగ్గర చేసే తప్పు వాడంతా తాగుతుంది. ఎండిపోయిన బోరు ఉంటే ఇవాళే మూత బిగించండి. పిల్లలు పడతారు, మురికి కూడా నేరుగా అడుగుకు దిగుతుంది.

పొలం దగ్గర

పత్తి, మిరప వేసేవాళ్లకు ఒక్క మాట. పురుగుమందు కలిపే డ్రమ్ములో బోరు పైపు ముంచి నింపకండి. కరెంటు పోయి మోటారు ఆగిందంటే నీళ్లు వెనక్కి గుంజుకుని డ్రమ్ములోని మందు బోరులోకి పోతుంది. పైపు కొస డ్రమ్ము అంచుకు జానెడు పైన ఉండాలి. ముందు నీళ్లు నింపి, పైపు తీసేసి, తర్వాతే మందు కలపండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లు కూడా స్ప్రేయరులోనే పోసుకోండి. డబ్బాకు తూట్లు పొడవండి. దాన్ని కాల్వలో పారేయొద్దు, ఇంట్లో నీళ్లు పట్టుకోవడానికి అస్సలు వాడొద్దు.

చెరువు

కాకతీయుల కాలంలో, గణపతిదేవుని ఏలుబడిలో పాఖాల, రామప్ప చెరువులు కట్టారు. ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా అమర్చారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడిక తీయాలని తలపెట్టారు. మన వరంగల్ నగరానికి తాగునీళ్లు నిలవ చేసే చోట్లు కూడా చెరువులే: ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి. కాబట్టి చెరువులో వేసేది మన బిందెలోకే తిరిగొస్తుంది.

మీ ఊరి చెరువు కోసం మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మోరి నీళ్లు ఎక్కడ చెరువులో కలుస్తున్నాయో నడిచి చూసి ఫోటో తీయండి. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, మట్టి పోస్తున్నా, తూము మూసేసినా తేదీ, సర్వే నంబరుతో దరఖాస్తు రాసి, సోమవారం కలెక్టరేటులో ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటతో చెప్పిన ఫిర్యాదుకు ఆనవాలు ఉండదు. గుర్రపుడెక్క పెరుగుతుంటే కొంచెంగా ఉన్నప్పుడే తీయించాలి. చెరువంతా కమ్మాక మనుషులతో అయ్యే పని కాదు. వినాయక చవితికి రంగులు వేయని మట్టి గణపతినే తెచ్చి, ఇంట్లో బకెట్టులో నిమజ్జనం చేసి ఆ మట్టిని పాదుల్లో పోయండి.

బతుకమ్మకు తంగేడు, గునుగు, కట్ల పూలు చెరువుకు ఏ హానీ చేయవు. గునుగుకు అద్దే కెమికల్ రంగుతోనే ఇబ్బంది. తెల్ల గునుగును తెల్లగానే పేర్చండి, ఎరుపు కావాలంటే సీతజడలు పెట్టండి. ఇత్తడి తాంబాళంలో పేర్చి, పూలను మాత్రమే నీళ్లలో వదిలి, తాంబాళం ఇంటికి తెచ్చుకోండి. ప్లాస్టిక్ పళ్లెం, థర్మాకోల్, అగ్గిపుల్లల డబ్బా గట్టు మీదే ఆపేయాలి. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున్నే, పూలు కుళ్లకముందే, పిల్లల్ని వెంటేసుకుని గంపతో గట్టుకు పోండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పూలన్నీ ఎత్తి, నీళ్లు కారనిచ్చి, పెంటకుప్పలో వేస్తే యాసంగికల్లా ఎరువవుతుంది.